గుండు, బద్ద

రెండు ఫిల్ములు ఒకే వెలుగుపెట్టె మీద తగిలించింది డాక్టరమ్మ.
ఎడమది మా అప్పది, కుడిది నాది.
ఇద్దరికీ ఒకే యేడు పట్టింది,
తిత్లీ తుఫాను వచ్చి జీడితోటల్ని పడుకోబెట్టిన యేడు.
పలాసలో ఒకే బట్టీ,
ఒకే బల్లకి అటూ ఇటూ కూచుని పప్పు వలిచిన చేతులు,
జీడిపాలు కాల్చిన మచ్చలైనా
ఇంచుమించు ఒకే చోట.

నా ఫిల్ములో ఎముకకీ ఎముకకీ నడుమ
సన్నటి నల్ల సందు.
"ఈ సందు ఉన్నంతకాలం బాగున్నట్టే" అంది డాక్టరమ్మ.
అప్ప ఫిల్ములో సందు లేదు.
మణికట్టులోని ఎనిమిది చిన్నెముకలూ
ముసురుకి తడిసిన బెల్లంలా ఒకటైపోయాయి.
కణుపుల అంచులు ఎలక కొరికినట్టున్నాయి.
వేళ్లు నాలుగూ చిటికెనవేలి పక్కకి ఒరిగి,
గాలి దాటిపోయాక కూడా
మా తోట అలాగే ఒకే దిక్కుకి వాలి ఉండేది.

"ఒకే కడుపున పుట్టాం గదమ్మా,
నాకు బద్దలేటి, దీనికి గుండేటి?"
అప్ప నవ్వుతూనే అడిగింది.
డాక్టరమ్మది గుంటూరు. అర్థం కాలేదు.
నేను చెప్పాను:
చెక్కుచెదరకుండా వచ్చిన పప్పు గుండు, చీలింది బద్ద,
గుండుకో ధర, బద్దకో ధర.

అప్పుడామె మందుల చీటీ వెనక రెండు గీతలు గీసింది.
అమ్మ నుంచి ఒక పోగు, నాన్న నుంచి ఒక పోగు.
ఆ పోగులో ఒకచోట ఐదక్షరాల మాట ఒకటి పడుతుందట.
అది పడ్డ ఒంట్లో
కాపలావాడు ఇంటివాణ్ణే దొంగనుకుని కొడతాడట.
ఒక పోగులో ఉంటే ఒక లెక్క.
రెండింట్లోనూ ఉంటే కీళ్లు తొందరగా కరుగుతాయట.
"అందరికీ కాదు, చాలామందికి.
ఆమెకి రెండూ వచ్చి మీకు ఒకటే వచ్చిందేమో.
పరీక్ష చేస్తేగాని చెప్పలేను,
చేసినా ఇచ్చే మందు ఇదే."

"మీ అమ్మానాన్నలు చుట్టాలా?"
మేనరికం.
మా నాన్నకి అక్క, మా అమ్మకి అమ్మ,
ఇద్దరూ ఒక్క మనిషే, మా అమ్మమ్మ గున్నమ్మ.
రెండు దారులూ ఒకే గుమ్మంలోంచి వచ్చాయి.
ఆమె వేళ్లు కూడా కొంకర్లు పోయి ఉండేవి.
ముసలితనం అనుకున్నాం.
అప్పటికామెకి నలభై ఆరు.

"పొగ తాగుతారా?"
అప్ప గోడ చూసింది.
అమ్మమ్మది అడ్డపొగ, నిప్పు నోట్లోకి పెట్టుకుని పీల్చేది.
చుట్ట ముట్టించి ఇచ్చే పని
పదేళ్లకే అప్పది.
నాకు దగ్గొచ్చేది. "ఫో గుంటా" అని తరిమేసేది అమ్మమ్మ.
ఆ తిట్టు ఇన్నాళ్లకి లెక్కలో కొచ్చింది.
"పోగుకి పొగ తోడైతే" అని ఆగిపోయింది డాక్టరమ్మ.
మిగతాది ఫిల్ము చెప్తూనే ఉంది.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో పాసింజరు గంటన్నర లేటు.
అప్ప మాట్లాడలేదు.
టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగింది,
తర్వాత అంది:
"తెలిసుంటే ముట్టించకపోదునేటే?
ముసల్ది అడిగితే?"
నా దగ్గర జవాబు లేదు.
నాలో ఉన్నది కుడిపక్క గీతో ఎడమపక్క గీతో
అదీ తెలీదు.

తెల్లారి అప్ప లేవకముందు
దుప్పటి కింద పిడికిలి బిగించి చూసుకుంటాను.
బిగుస్తోంది.
అప్ప కదిలిన చప్పుడైతే
దొంగలా వేళ్లు విప్పేస్తాను.

మంగళవారం మాత్రల రోజు.
రేకు నొక్కే బలం ఆ బొటనవేలికి లేదు.
ఆమెవి ఆరు, నావి మూడు,
పొట్టు వదిలే పప్పులా ఒక్కొక్కటే తీసి
ఆమె అరచేతి గుంటలో వేస్తాను.
దీపం దగ్గరికి పెట్టి చూస్తుంది.
"విరక్కుండా వచ్చిందేటే?"
"గుండే, అప్పా."
"ఎన్నాళ్లకి" అంటుంది.