ఆరు నిమిషాల లెక్క

స్వాన్సీలో వాన పడటం వార్త కాదు.
నా ఉద్యోగం పోవడమూ కాలేదు.
పందొమ్మిదేళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికాను.
ఒక మంగళవారం లాకరు తాళంచెవి అడిగి తీసుకున్నారు.
లోపల నా చెప్పులున్నాయి,
ఇంకా అక్కడే ఉన్నాయి.

కారణం చిన్నది. మూడో మెషిను
డెబ్బై ఒక్క డిగ్రీలు ఎక్కడం మానేసింది.
ఎక్కిందని రాసిన కాగితం నా ముందుకు తోసి
"పెట్టు గ్లెనిస్, అందరూ పెడుతున్నారు" అన్నాడు సూపర్‌వైజరు.
ఆ దుప్పటి రేపు ఎవరి కుట్లకు తగులుతుందో
నాకు తెలియదు. అందుకే పెట్టలేదు.

లాయరును వెతకడం పన్ను పీకేవాణ్ణి వెతకడం లాంటిది,
నొప్పి పుట్టాకే వీధిలో బోర్డులు కనిపిస్తాయి.

మొదటాయనది అద్దాల ఆఫీసు.
మంచినీళ్ళలో నిమ్మచెక్క వేసి ఇచ్చారు.
"మా లెక్క ఆరేసి నిమిషాలకు" అన్నాడు,
"ఆరు నిమిషాలకు ఇరవై ఎనిమిది పౌండ్లు."
నిమ్మచెక్క వైపు చూస్తూ నేనూ లెక్క వేశాను:
ఆరు నిమిషాల్లో పద్నాలుగు దుప్పట్లు మడతపెడతాను,
అంచుకు అంచు, ముడత లేకుండా.
దానికి నాకిచ్చింది ఒక పౌండూ చిల్లర.
దగ్గొచ్చింది. ఆపుకున్నాను.
దగ్గుకి ఎంతవుతుందో!

రెండోవాడు ఫోన్లో దొరికాడు.
గెలిస్తేనే ఫీజు, వచ్చిందాంట్లో మూడో వంతు.
"వాళ్ళని ఉతికి ఆరేద్దాం మేడమ్" అన్నాడు.
ఉతకడం నాకు తెలుసు నాయనా,
ఆరేయడానికే ఈ ఊళ్ళో ఎండ లేదు.
ఏ మెషిను, ఏ తేదీ, ఏ కాగితం
ఒక్క ముక్క అడగలేదు.
నా పేరు మూడుసార్లు మూడు రకాలుగా పలికాడు.

మా అక్క మవాన్వీ ఊరుకోమంది.
ఈ వయసులో కోర్టులేమిటే, అంది.
ఊరుకోవడమూ ఒక పనే.
దానికి జీతం ఎవరిస్తారక్కా?

మూడో ఆవిడ వేపుడు చేపల కొట్టు పైన.
పద్దెనిమిది మెట్లు, మెట్టు మెట్టుకీ వెనిగరు వాసన.
పేరు టెగ్వెన్ హవెల్స్. చెవి మీద పెన్సిలు,
కిటికీ కింద బకెట్టు, అందులోకి చినుకు.
కూర్చోకముందే అడిగింది
"ఏ రోజున తీసేశారు?"
చెప్పాను. చెప్పుల సంగతీ చెప్పాను.
గోడ క్యాలెండరు మీద వేలితో వెనక్కి నడిచింది.
"మూడు నెలలకు ఒక రోజు తక్కువ, అదీ గడువు.
మీకింకా పదకొండు రోజులున్నాయి.
ఇన్నాళ్ళూ ఏం చేశారు?"
సిగ్గుపడ్డాను, అనలేదు.
వాన, అన్నాను.

సంచిలోంచి తీసి బల్ల మీద పోశాను,
మూటలకు కట్టే పసుపు ట్యాగులు.
ఒక వైపు తేదీ, ఇంకో వైపు వేడి.
అరవై రెండు. అరవై నాలుగు. యాభై తొమ్మిది.
ఎందుకు దాచానో నాకే తెలియదు.
ఆవిడ ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ పోయింది,
మాట్లాడలేదు.
బకెట్టులో చినుకులు లెక్కపెట్టాను.
ఆరు నిమిషాలు ఎప్పుడో దాటే ఉంటాయి.

"ఓడిపోవచ్చు" అంది చివరికి.
"డబ్బొచ్చినా ఆలస్యంగా వస్తుంది.
మీ పక్కన నిలబడి ఉతికినవాళ్ళే
వాళ్ళ వైపు సాక్ష్యం చెబుతారు.
ఇంటద్దెలు వాళ్ళకీ ఉన్నాయి, కోపం పెట్టుకోకండి.
చెప్పులు మాత్రం తెప్పిస్తాను."

ఆ మొదటి మాటకే ఆవిణ్ణి పెట్టుకున్నాను.
మరక పోకపోవచ్చని
ఉతక్కముందే చెప్పే మనిషి అరుదు.

ఫీజు కాగితం ఇచ్చింది. రెండుసార్లు చదివాను.
నేను ఆగినచోటల్లా తనూ ఆగింది.
సంతకం పెట్టనని ఇంటికొచ్చిన చెయ్యి
పెన్ను పట్టుకుని కాసేపు తడుముకుంది.
గ్లెనిస్ ప్రోథరో.
పూర్తిగా రాశాను, పొట్టి చెయ్యకుండా.

కిందికి దిగి చిప్స్ కొన్నాను.
బస్సు ఆరు నిమిషాల్లో అంది స్టాపులో బోర్డు.
ఇరవై అయినా రాలేదు.
ఒక్కొక్కటే ఊదుకుంటూ తిన్నాను.
నాలుక కాలింది.
డెబ్బై ఒకటి ఉంటుంది, ఖాయంగా.