తప్పనిసరి గడి

సోంపేట బస్టాండు వెనక మా క్లినిక్కుకి
ఆషాఢంలో కంప్యూటర్ వచ్చింది.
విశాఖ నుంచి దిగిన కుర్రాడు
రెండు పూటలు పక్కన కూర్చుని నేర్పాడు.
పేరు, వయసు, ఊరు, ఫోన్ నంబరు.
ఎర్ర చుక్కున్న గడి ఖాళీగా వదిలితే
బిల్లు పుట్టదు మేడం, అన్నాడు.

అంతకుముందు తవిటయ్య గారి పద్దు ఉండేది.
అట్ట ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్కతో బిగించిన పద్దు.
అందులో ఎవరికీ ఇంటిపేర్లు లేవు.
"కంచిలి జీడిపిక్కలామె. కాళ్ళ వాపు. నలభై బాకీ."
"బారువ వలలాయన తమ్ముడు. డబ్బు అడగొద్దు."
ఆ అడగొద్దుకి
కొత్త దాంట్లో గడి లేదు.
డిస్కౌంట్ అని ఉంది, కారణం రాయాలి.
కారణం అన్న చోట నేనొక చుక్క పెడతాను.
చుక్కని అది ఒప్పుకుంటుంది.

నిజం చెప్పాలి, మంచిదే వచ్చింది.
టోకెన్ల కాడ తగువుల్లేవు.
రక్తంలో క్రియాటినిన్
తుపాను నీరు గుమ్మం మెట్లెక్కినట్టు
నెల నెలా ఎలా ఎక్కుతోందో
గీత గీసి చూపిస్తుంది.
పాత పద్దులో ఆ గీత ఎవరికి కనపడింది?
పేజీలు వెనక్కి తిప్పేసరికి
మనిషి డయాలసిస్ మంచమ్మీద.

దాలమ్మ ఒక లక్ష్మివారం వచ్చింది.
"ఫోన్ నంబరు చెప్పమ్మా."
"నాకేటి ఫోను? నానెవులితో మాటాడాల?"
"పోనీ ఇంట్లో ఇంకెవరిదైనా?"
"ఇంట్లో మేకుంది."
బెంచీ మొత్తం నవ్వింది.
గడి ఎర్రగానే ఉంది.
లోపల డాక్టరు గారు గంట కొట్టారు.
నా నంబరు కొట్టేశాను.
బిల్లు పుట్టింది.

ఆ తర్వాత అసిరయ్యకి.
కొబ్బరిపీచు మిల్లులో అక్కాచెల్లెళ్ళిద్దరికీ.
ఫోను సముద్రంలో పడేసుకుని
ఇంకోటి కొనని మనిషికి.
దసరా దాటేసరికి ముప్పై ఏడుగురు
నా నంబర్లో కాపురం పెట్టారు.

పొద్దున్న ఆరింటికి, పొయ్యి మీద చారుండగా
ఫోను గిలగిల్లాడుతుంది.
"ప్రియమైన దాలమ్మ గారూ, రేపు మీకు అపాయింట్‌మెంట్ ఉంది."
"ప్రియమైన అసిరయ్య గారూ, మీ రక్తపరీక్ష గడువు దాటింది."
అసిరయ్యని పుట్టాక ఎవరైనా
గారూ అని పిలిచారో లేదో.
ఆ ఒక్క ముక్క చెప్పడానికే
ఓసారి ఇసుకలపాలెం ఆటో ఎక్కాను.
"మళ్ళీ సదువమ్మా" అన్నాడు.
మళ్ళీ చదివాను.

మిగతావాళ్ళని పంచుతాను.
కవిటి బస్సు కండక్టరుకి ఇద్దర్ని,
చేపల గంపలోళ్ళకి నలుగుర్ని అప్పజెబుతాను.
పరగడుపున రమ్మను, పాత మందుల కవరు తెమ్మను,
మరచిపోకు తల్లీ.

నెలాఖరుకి డాక్టరు గారు తెర నావైపు తిప్పారు.
పొడుగాటి ఆకుపచ్చ కడ్డీ.
"చూశావా లోలాక్షీ, మెసేజీలు మొదలెట్టాక
నూటికి తొంభై మంది తిరిగొస్తున్నారు.
సాఫ్ట్‌వేరంటే అదీ."
అవునండీ అన్నాను,
బల్ల కింద చెప్పుల్లో ఇసుక దులుపుకుంటూ.

మాఘంలో దాలమ్మ పోయింది.
మేకని పక్కింటోళ్ళు తోలుకెళ్ళారు.
ఫైలు మూయబోతే అడిగింది, ఎందుకు అని.
వేరే ఆసుపత్రి. ఊరు మారారు. ఆసక్తి లేదు. ఇతరములు.
ఊరు మారారు దగ్గర
వేలు కాసేపు నిలబడింది.
ఏదీ నొక్కలేదు.

ఇప్పటికీ నెలకోసారి, బుధవారం పొద్దున్న,
"ప్రియమైన దాలమ్మ గారూ, రేపు..."
చారు పొంగకుండా గరిటె తిప్పుతూ
చివరిదాకా చదువుతాను.
ఆమె పేరు మీద నూట ఇరవై బాకీ చూపిస్తుంటే
డిస్కౌంట్ ఇచ్చాను.
కారణం: చుక్క.

ఇవాళ మందస నుంచి ఒక గుంటడు,
మాసిన బనీను, మోకాలి దాకా బురద.
అడక్కుండానే నా వేళ్ళు
నా నంబరు సగం కొట్టేశాయి.
"నాకూ ఉందండి ఫోను," అన్నాడు కోపంగా,
జేబులోంచి తీసి చూపిస్తూ.

చెరిపి, వాడిది రాశాను.