కిటికీ అద్దం, ఒకటి

సీసా పగల్లేదు.
అందుకే మేం బతికాం. అందుకే మా కేసు చచ్చింది.

తీసా నది పొంగితే ముందు మునిగేది మా వీధే.
ఊరి దీపస్తంభాలు మాకు రెండిళ్ల అవతలే ఆగిపోతాయి,
అక్కడితో హంగరీ అయిపోయి రోమావాళ్లు మొదలైనట్టు.
నవంబరు రాత్రి. అద్దం భళ్లుమంది.
మంచం కిందికి ఏదో దొర్లుకుంటూ వచ్చి
మా దెజో బూట్ల పక్కన ఆగింది.
పెట్రోలు వాసన.
మూతిలో కుక్కిన పేలిక వానకు తడిసి ఆరిపోయింది.
ఎవరో పిల్లాడి పైజామా ముక్క అది,
నీలిరంగు ఏనుగుల బొమ్మలతో.
ఇప్పటికీ నన్ను ఉలిక్కిపడి లేపేది నిప్పు కాదు,
ఆ ఏనుగులు.
ఎవరో తల్లి ఉతికి ఆరేసిన ఏనుగులు.

పోలీసు చేతులు రుద్దుకుంటూ కాగితం నింపాడు.
గాయాలు: లేవు.
నష్టం: కిటికీ అద్దం, ఒకటి.
ఉద్దేశం అన్న గడి దగ్గర కలం కాసేపు ఆగింది.
"తాగిన కుర్రాళ్లమ్మా" అంటూ అడ్డంగా ఒక గీత గీశాడు.
నా బొటనవేలంత గీత.

ఆ తర్వాత జరిగింది ఏ కాగితంలోనూ లేదు.
మంచాల పక్కకి నీళ్ల బకెట్లు వచ్చాయి.
మగవాళ్లు వంతులేసుకుని గొడ్డళ్లతో కాపలా కూర్చున్నారు,
ఆకు కదిలినా లేచి నిలబడుతూ.
నా పేరైనా తెలియని మావాళ్లు
నలభై కిలోమీటర్ల అవతల
పిల్లల్ని బూట్లతోనే పడుకోబెట్టడం మొదలుపెట్టారు.
మా ఇంట్లో పేలని సీసా
అక్కడిదాకా వెళ్లి పేలింది.

విల్మా బడిలో బల్ల మీద తల వాల్చి నిద్రపోయింది.
టీచరమ్మ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పంపింది:
"చదువు మీద శ్రద్ధ లేదు. ఇంట్లో క్రమశిక్షణ అవసరం."
సంతకం పెట్టమంది.
పెట్టాను.

బుడాపెస్ట్ నుంచి నోయెమి అనే లాయరు పిల్ల వచ్చింది.
దీన్ని జాతిద్వేషం అని వదిలెయ్యకూడదు,
ఉగ్రవాదం అనాలి అంది.
ఒక జనాన్ని భయపెట్టడానికి చేసే హింస అని
చట్టం చదివి వినిపించింది.
"మీరు భయపడ్డారా?"
నాకు నవ్వొచ్చింది.
తడిశావా అని చేపనడిగినట్టు.

ముసలి లాజార్ బుట్ట అల్లడం ఆపకుండానే అన్నాడు:
"ఆ మాట పెద్ద కుక్క, తల్లీ.
గొలుసు ఎవరి చేతిలో ఉంటుంది?
మా నాన్నని తీసుకెళ్లిన రోజు కూడా
వాళ్ల దగ్గర ఒక మంచి మాట ఉంది, ముద్ర వేసి.
ఇప్పుడు దీన్నీ వాళ్ల చేతికిస్తే
రేపు గొడ్డలి పట్టుకున్న మావాడి పేరు పక్కనే రాస్తారు."
నోయెమి కలం మూసింది. మళ్లీ తెరిచింది.
"మరి ఏమనమంటారు?"
లాజార్ ఒక కొమ్మని తడిపి వంచాడు.
అది విరగలేదు. అతను చెప్పలేదు.

నాకు చట్టం తెలీదు.
బాంబు పెట్టినవాడు పేరు చెప్పుకుంటాడు,
టీవీలో చూశాను.
మావాడు చెప్పుకోడు. చెప్పుకోకపోవడమే అతని బలం.
రొట్టెల కొట్లో నా ముందున్నవాడు అతనే కావచ్చు,
అందుకే వరుసలో అందరూ అతనే.
చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పెట్టే ఆవిడ
ఎప్పుడూ అలాగే పెట్టేది,
ఇప్పుడు ఆ నాణేల చప్పుడుకి కూడా అదురుతున్నాను.

రాయమన్నాను.
ఉగ్రవాదమనే రాయండి.
లాజార్ అన్నది కూడా పక్కన రాయండి.
చోటు లేకపోతే
ఆ గీత మీద రాయండి.

శనివారం అద్దం బిగించడానికి ఎండ్రె వచ్చాడు, పై ఊరతను.
సగం డబ్బే తీసుకున్నాడు.
అంచు చుట్టూ లప్పాన్ని బొటనవేలితో నొక్కుతూ
విల్మాని చూసి నవ్వాడు.
"మావాడికీ ఇదే వయసు."
మంచి నవ్వు.
మీవాడు రాత్రిపూట ఏం తొడుక్కుంటాడని అడగబోయి
కాఫీలో చక్కెర ఎంత వెయ్యమంటారని అడిగాను.