పలుగు

వేరుశనగ చేలో వాన వెలిసిన తెల్లారి
ఎర్రమన్ను కొట్టుకుపోయిన చోట
తెల్లగా ఒకటి పైకి చూసింది.
వజ్రమనుకున్నా. మూడో తరగతి.
నిక్కరు జేబుకి చిల్లు, అందుకని గుప్పిట్లోనే
సోమల బస్టాండు దాకా మోసుకెళ్ళా.

బోర్లు దించే రెడ్డెప్ప మామ టీ తాగుతున్నాడు.
నవ్వలేదు. అదే నాకు బాగా గుర్తు.
"దాన్నే అడుగుదాం పట్టు" అన్నాడు.

ఖాళీ సోడాసీసా మీద గీశాడు.
కిర్రుమంది గాజు, గాటు పడింది.
కత్తి తీసి రాయి మీద గీశాడు.
నల్లటి గీత! నా గుండె జారింది.
ఉమ్మితడి వేలితో రుద్దితే పోయింది.
"గీత పడింది రాయికి కాదబ్బోడా,
కత్తే అరిగి తన పేరు రాసుకుంది."

నిమ్మబద్ద పిండాడు.
సున్నపురాయైతే బుసబుసమనేదంట.
ఇది ఉలకలేదు, పలకలేదు.

తర్వాత సుత్తితో ఒక్క దెబ్బ.
పలకలుగా విడిపోలేదు,
గవ్వ లోపలి వంపులా విరిగింది.
అంచు తాకి నా వేలు తెగింది.
"వజ్రం కాదు, పలుగురాయి" అన్నాడు నెత్తురు తుడుస్తూ,
"వజ్రంతో చేను తడవదులే."

అర్థం కావడానికి ఇరవయ్యేళ్ళు పట్టింది.

ఇప్పుడు రిగ్గు పక్కన నిలబడి
చీటీ మీద అడుగులు రాసేది నేనే.
ఎర్రపొడి. బూడిదపొడి.
నాలుగొందలు, ఆరొందలు, బూడిదే.
చేను గలామె చెంగమ్మ
కొంగు నోటికడ్డం పెట్టుకుని
రిగ్గుని కాదు, నా మొహాన్ని చూస్తోంది.

ఏడొందల పదికి పొడి తెల్లబడింది.
వేళ్ళ మధ్య నలిపా. కరకర.
ఏనాడో నల్లరాయి పగిలితే
ఆ పగుల్లోకి ఉడుకునీళ్ళు ఎక్కి
మోసుకొచ్చిన తెలుపంతా అక్కడే దించిపోయాయి.
ఆ తెలుపు మళ్ళీ ఎక్కడైనా పగిలుంటే
ఆ సందులో ఈనాటి నీళ్ళు.
పగలకపోతే,
ఇంత గట్టి రాయి ఇంకోటి లేదు.

"పలుగు తగిలింది" అన్నా.
"అంటే నీళ్ళా నాయనా?"
"అంటే పలుగమ్మా. అంతవరకే."
చిటికెడు తెల్లపొడి తీసి
విభూతిలా నుదుట పెట్టుకుంది.

డీజిలుకి పోయిన బండి రాత్రయినా రాలేదు.
చీకట్లో రెండు పలుగుముక్కలు తీసి
చెంగమ్మ మనవరాలి ముందు గట్టిగా రుద్దా.
రాయి కడుపులో పచ్చటి మిణుకు,
ముక్కుకి కాలిన వాసన.

"వజ్రమా?" అంది ఆ పిల్ల.

నేను నవ్వలేదు.
"ఇంట్లో సోడాసీసా ఉందేమో చూడుపో."