నలభై అడుగులు

మిర్యాలగూడ దాటినంక వేములపల్లి తొవ్వల
ఉప్పుడు బియ్యం మిల్లు.
రాత్రి డ్యూటీ. బాయిలర్ కాడ నేను.
ఊక పోస్తుంటే నిప్పు తింటది,
నిప్పు తింటుంటే వడ్లు ఉడుకుతయి.
ఇరవై రెండేండ్ల సంది ఇదే పని.

ఊక కుప్పల నడుమ బీడి ముట్టియ్యొద్దని
సావుకారి గోడ మీద ఎర్రరంగుతోని రాయించిండు.
అందుకే గేటు దాక నడిచేటోన్ని.
బాయిలర్ నుంచి గేటుకు నలభై అడుగులు.
పోంగ నలభై, రాంగ నలభై,
రాత్రికి పదకొండు సార్లు.
ఎన్నడు లెక్కవెట్టలే. ఇప్పుడు వెడుతున్న.

అందరు అడుగుతరు, ఎందుకు బంజేసినవని.
డాక్టరు చెప్పిండా? లేదు.
దగ్గంటరా, అది నాకు చుట్టం,
ఎన్నడో వచ్చి ఇంట్లనే ఉండిపోయింది.
ఈదమ్మ పోరు వెట్టిందా?
పదేండ్లు పెట్టింది, యాష్టకొచ్చి ఊకుంది.
అసలు ముచ్చట చెప్పనీకి సిగ్గయితది.

కార్తీకం. రాత్రి మూడు గొట్టంగ
కట్ట ఒడిసింది.
డబ్బా తెరిచేదాక రెండు గంటలు.
గేటు కాడ సెల్‌ఫోన్ లైటేసి
గొంతుక్కూసొని
దుమ్ముల ఏళ్లు పెట్టి ఎతికిన.
ఎవని నోట్లదో సగం పీక దొరికింది,
లారీ డ్రైవర్దో, హమాలోనిదో.
అంగికి తుడిచి ముట్టిచ్చిన.
రెండు దమ్ములు గుంజినంక చూస్తే
గేటు కాడి కుక్క.
అది గూడ ఏదో ఎతుక్కుంటుంది.
మొరగలే.
జర పక్కకు జరిగింది,
తోటోనికి జాగిచ్చినట్టు.

ఆ జాగ నాకొద్దనుకున్న.
అంతకంటె పెద్ద మాటేది అనుకోలే.

తెల్లారి కొత్త కట్ట కొన్న.
అవును, కొన్న.
ఒక్కటి తీసి చెవ్వు మీద పెట్టుకొని
మిగిలినయి మట్టయ్యకిచ్చిన.
"దొంగను ఇంట్లనే కట్టేసుకుంటవా?" అని నవ్విండు.
కట్టేసుకుంట.
కనపడని దొంగతోనే నాకు భయం.

చేతికేం ఎరుక, ఊకె జేబు తడుముతది.
మూడో రాత్రి ఒళ్లంత చీమలు.
గొంతుల ఎవరో పీటేసుకొని కూసున్నట్టు.
సద్దిగిన్నె ఇప్పితే బెల్లంగడ్డ, నాలుగు లవంగాలు.
ఈదమ్మకు నేనేం చెప్పలే, ఆమేం అడగలే.
కాళ్లు మాత్రం ఆగలే,
యాళ్లకు లేచి గేటు దిక్కు మళ్లినయి.
నడువుండ్రి అన్న.
నలభై పోయిన. నిలబడ్డ.
చెవ్వు మీదిది ముట్టి చూసుకున్న. నలభై వచ్చిన.
పదకొండు సార్లు.
పానం గుంజుడు గూడ కూలిదే,
పైసలియ్యకుంటె ఎన్నాళ్లొస్తది పనికి?

ఒక్కపారి తప్పిన. దాస్తలేను.
నిడమనూర్ల మా బామ్మర్ది కాలంజేసిన నాడు
కాట్ల కాడ ఎవరో చేతుల పెట్టిండ్రు.
తాగిన. ఏళ్లు కాలేదాక తాగిన.
తెల్లారి లెక్క మళ్ల ఒకటి నుంచి మొదలువెట్టలే.
జారి పడ్డోడు పడ్డకాడి నుంచే నడుస్తడు,
ఇంటికి పోయి మళ్ల బయిలెల్లడు గద.

ఇయ్యాల మట్టయ్య అగ్గి అడిగిండు.
బాయిలరోని కాడ అగ్గికి కరువా.
పుల్ల గీసి, రెండు చేతులు అడ్డం వెట్టి ముట్టిచ్చిన.
పొగ మొఖం మీదికే వచ్చింది.
నిలబడ్డ.
చేతులు కొంచెం వణికితే చలి అన్న.
చైత్రంల చలేందో మట్టయ్య అడగలే.

చెవ్వు మీది బీడి ఎండి
తునికాకు పొరలు పొరలు రాలింది.
దారం ఒక్కటి ఉంది జేబుల.

ఇంకో ముచ్చట. మొన్న నా ముక్కు తిరిగొచ్చింది.
ఉడికిన వడ్ల కమ్మదనం వస్తదని ఆశపడ్డ.
మొదలొచ్చింది నానవెట్టిన హౌజు నీళ్ల కంపు,
పులిసి, మురిగి, కడుపుల తిప్పే కంపు.
ఇరవై రెండేండ్లు దీంట్లనే ఉన్ననా!
కండువ ముక్కుకు అడ్డం వెట్టుకొని
గేటు కాడికి ఉరికిన, గాలికోసం.

కుక్క ఆడనే పండుకొని ఉంది.
కన్ను తెరిచి చూసింది.
జరగలే.