భుజానికి సరిపడేది

తుపాకీల వైపు తర్వాత చూద్దువు గానీ, గ్రాషీ,
ముందా కిటికీలోంచి చూడు.
వీధి చివర దాణా గోదాము గోడ మీద
రంగు పెచ్చులూడిన అంకె ఉంది కదా,
ఇక్కడికి సరిగ్గా నూట డెబ్బై గజాలు.
అదెంతో చదువు.
ఏడు, అన్నావు.
ఒకటి.
సరే, మొదట కళ్లజోడు సంగతి మాట్లాడుకుందాం.

ఎన్ని పిల్లలు పోయాయి?
పదకొండు, అన్నావు,
చెవి పోగుల నెంబర్లతో సహా.
గొంతు కింద పళ్ల గాట్లు చూశావా?
తొడలు చీరేసి ఉంటే అది ఊరి కుక్క.
దానికి తుపాకీ కాదు,
పొరుగువాడితో పది నిమిషాలు మాట్లాడే ఓపిక కావాలి.
అది నా దగ్గర అమ్మకానికి లేదు.

గొంతే, అన్నావు.
అయితే కయోటీయే.
ముప్ఫై పౌన్ల ప్రాణి.
సగం బొచ్చు, పావు అనుమానం,
మిగిలిందంతా ఆకలి.
పారిపోతూ పారిపోతూ
ఒక్కసారి ఆగి వెనక్కి చూస్తుంది.
ఎందుకు చూస్తుందో నలభై ఏళ్లుగా నాకు తెలీదు.
నీకు దొరికే సమయం అంతే,
ఒక గుటక మింగేంత.

మీ తాత లీవరు తుపాకీ మంచిదే.
కానీ అది పొదల్లో లేళ్ల కోసం పుట్టింది.
సేజి మైదానంలో దాని తూటా
మధ్యాహ్నం అన్నం తిన్నవాడిలా
దారిలోనే కిందికి వాలిపోతుంది.

ఇదిగో, ఈ టూ-టూ-త్రీ.
తన్నదు, తూటాలు చవక.
కానీ పౌడర్ నది మీది గాలి సంగతి నీకు నేను చెప్పాలా?
ఈ కౌంటీలో పన్ను కట్టకుండా బతికేది అదొక్కటే.
ఇంత చిన్న తూటాని
పక్కింటి పెళ్లికి లాక్కుపోతుంది.

అది మాత్రం ముట్టుకోకు.
పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అది.
ఇరవై ఆరేళ్ల వయసులో
అలాంటిదే కొన్నాను నేను,
దుకాణంలో నలుగురూ చూస్తున్నారని.
నాలుగు రోజుల్లో నా భుజం దానికి భయపడటం నేర్చుకుంది.
మీట నొక్కకముందే కళ్లు మూసుకునేవాణ్ణి.
ఒక జనవరి తెల్లవారుజామున
అలా మూసుకునే కాల్చాను.
తర్వాత మూడు చలికాలాలు
మా వాగు కంచె పక్కన మంచులో
మూడు పాదాల గుర్తులు,
నాలుగోది ఉండాల్సిన చోట
ఒక గీత.

నువ్వు భయపడని తుపాకీ కావాలి నీకు.
అంతకు మించి ఎవరేం చెప్పినా వినకు,
నేను చెప్పినా సరే.

ఈ పాతది చూడు, టూ-ఫార్టీ-త్రీ.
బడి బస్సు నడిపిన ఓర్లా ట్వీడీది.
నీలిరంగు వదిలేసింది, గొట్టం మాత్రం చక్కటిది.
గాలికి తలవంచదు, భుజాన్ని కొట్టదు.
కళ్లు మూసుకుని ఎత్తు. ఇప్పుడు తెరువు.
అద్దంలో నల్లటి అంచు కనిపిస్తోందా?
మెడ చాస్తున్నావు.
మీ అమ్మలాగే పొట్టి చేతులు నీవి.
తప్పు నీది కాదు, కట్టెది.

అంగుళం కోశాను.
వాల్‌నట్ పొట్టు వాసనతో దుకాణం నిండిపోయింది.
కోసిన ముక్కని ఏం చేసుకుంటావో
నేనడగలేదు.
కోటు జేబులో వేసుకున్నావు.

మే నెలలో మళ్లీ వచ్చావు,
ముక్కు మీద కొత్త కళ్లజోడు.
తూటాలా? అంటే తలూపావు, వద్దని.
ఇరవైలో పదిహేడు మిగిలాయి.
రెండు పాల డబ్బా మీద, గురి చూసుకోవడానికి.
మూడోది?

నువ్వు కిటికీలోంచి బయటికి చూశావు.
చాలాసేపు.
వెనక్కి చూసింది, అన్నావు.
అంతకు మించి ఏమీ చెప్పలేదు,
నేను గల్లాపెట్టె తుడవడం మొదలుపెట్టాను.

వెళ్తూ వెళ్తూ, తలుపు దగ్గర,
ఆ ఒకటి కింద చిన్న అక్షరాలున్నాయి తెలుసా, అన్నావు.
ఏమని?
నువ్వే వెళ్లి చూడు.

నువ్వు మలుపు తిరిగాక దుకాణం మూసి
అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను,
నూట డెబ్బై దగ్గర ఆగి చూస్తే
గోడ ఇంకా దూరంగానే ఉంది.