సెవలావు చెవి

బండమీద ఇండ్లలో నన్ను చూస్తే
ముందు ఆవులు చెవులు విదిలిస్తాయి,
మనుషులు తరవాత.
చేతిలో ఉండేది
కాయితానికి బొక్క పెట్టే మిషనుకు పెద్దక్క లాంటిది.
సంచిలో పసుపు బిళ్ళలు.
టక్కుమని ఒక్క చప్పుడు,
ఒక నెత్తురు చుక్క, దానిమీద వేపనూనె.
ఆపైన ఆ గొడ్డుకు పేరు ఇంట్లోవాళ్ళ నోట్లోనే,
నాకాడ పన్నెండంకెలు.

"నాకూ పన్నెండేనంట కదా పాపా"
అనింది దొరసానక్క,
వక్కాకు సంచిలోంచి ఆధార్ కార్డు తీసి.
దాన్ని సెవలావు చెవి పక్కన పెట్టి
ఏ అంకె యాడ కలిసిందో చదివి చెప్పమనింది.
చివర ఒక్క ఏడు కలిసింది.
ఆ దినమంతా వీధిలో
ఆ ఏడు గురించే చెప్పుకుంది.

రేషన్ మిషను ఆమె వేలిని గుర్తుపట్టదు.
నలభై ఏండ్లు పొదుగులు పిండి పిండి
బొటనవేలి గీతలన్నీ పాలలో కలిసిపోయినాయి.
నా ఫోను మాత్రం ఆవు చెవిని
ఒక్క చూపుకే పట్టేస్తుంది:
జెర్సీ సంకరం, మూడో ఈత,
యజమాని దొరసానమ్మ.
సర్కారు పుస్తకంలో ఆమె తప్పుల్లేకుండా ఉండేది
ఆవు వెనకాలే.

పుబ్బ కార్తె ముసురులో మొదలయింది.
అరవదేశం నించి అని కొందరు,
కోలారు పక్కనించి అని కొందరు.
చెక్‌పోస్టులో లారీలు ఆపినారు,
బిళ్ళ లేని గొడ్డును దించేసినారు.
ఈగ ఏ కాయితమూ చూపించకనే
గేటు మీదుగా దాటేసింది.

చట్టం చిన్నదే.
నేనే గోడకు అంటించినాను:
జబ్బు కనపడితే దాచరాదు,
సొంతదారు తానే వచ్చి చెప్పాల.
చెప్తే ఏమవుతుందో అందులో లేదు,
వీధికి తెలుసు.
పాల సొసైటీలో క్యాన్లు బోర్లిస్తారు.
పలమనేరు సంత మూస్తారు.
చెంగల్రాయుడు పేయనమ్మి
కాలిపోయిన మోటారు చుట్టించుకోవాల.
అందుకే ఏ దొడ్లో చూసినా
పట్టపగలు వేపాకు పొగ,
"దోమలు పాపా, వట్టి దోమలు."

దొరసానక్క ఒక్కతే వచ్చింది.
రాత్రి పదిన్నరకు, గోనెపట్ట కప్పుకొని,
తడికాళ్ళతో గడప అవతలే నిలబడి
"దానికి చింతగింజలు మొలిచినాయి" అనింది,
"మెడనించి తోకదాకా.
రాసుకో పాపా.
గోడమీద నువ్వంటించింది
పిలకాయలతో చదివించుకున్నా."

రాసుకున్నాను. బటను నొక్కినాను.
తెల్లారేసరికి మ్యాపులో
అయిదు కిలోమీటర్ల చుట్టూ ఎర్రగీత.
మేకల అమ్మోరికి చేసిన మందు
ఆవులకు వేసుకుంటా తిరిగినాను,
నూట పద్నాలుగు చెవులు, నూట పద్నాలుగు సూదులు.
సొసైటీ మూసిన పద్దెనిమిది దినాలూ
కొళాయికాడ ఎవురూ
ఆమెకు బిందె జరపలేదు.
చెంగల్రాయుడు ఆమె పేడదిబ్బ మీద ఊసిపోయినాడు.
పదహారు గొడ్లు పడినాయి,
పదిహేను లేచినాయి.
లేచినవాటిలో చెంగల్రాయుడి పేయ ఉంది.

ఇన్సూరెన్సుకు ఒక రూలుంది:
బిళ్ళ లేంది డబ్బు లేదు,
చెవితోబాటు కోసి పంపాల.
జేసీబీ తవ్విన గోతికాడ
సున్నం మూటలు విప్పకముందే
నేను కత్తి తీసినాను.
ఆమె కూచుని చెవి పట్టుకుంది,
బిళ్ళ గుచ్చిన నాడు పట్టుకున్నట్టే,
"కదలద్దమ్మా, కదలద్దు, అయిపోయింది" అంటా.

ఫోను కారణం అడిగింది:
అమ్మకమా, దొంగతనమా, మరణమా.
నొక్కినాను.
ఆ నంబరు ఇంక ఏ ఆవుకూ ఇవ్వరంట.

డబ్బు పడింది. తీసుకోను వేలిముద్ర కావాలన్నారు.
బ్యాంకులో ఎనిమిదిసార్లు పెట్టించినాను,
కడిగి, తుడిచి, నిమ్మచెక్క రుద్ది.
మిషను ఎర్రగానే వెలిగింది.
వెనక లైను గొణుగుతా ఉంది.

"ఆ ఏడు ఉండాది కదా పాపా,
మా ఇద్దరికీ కలిసింది,
అది చెప్పి చూడు" అనింది.